డెబ్బై ఆకుల కట్ట

మొదటి రోజు

చెన్నూరు బస్టాండు ముందు బైక్ ఆపి, "ఎక్కు బామ్మర్ది, ఎండ ముదరకముందే ఏరు దాటుదాం" అన్నాడు బావ. మే నెల మొదటి వారం. పొద్దున ఏడున్నరకే గాలి వేడెక్కింది. కోటపల్లి దాటి రాపనపల్లి వంతెన మీదికి చేరాక ఐదు నిమిషాలు ఆగమన్నాను. కింద ప్రాణహిత. ఇంత ఎండల్లోనూ ఒక పాయ పారుతూనే ఉంది, మిగతాదంతా ఇసుక. అటు గడ్డ మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా.

అక్కను సిరోంచకు ఇచ్చినప్పుడు ఈ వంతెన లేదు. అర్జునగుట్ట దగ్గర పడవెక్కి దాటాం. బ్యాండువాళ్ల డోలు నీళ్లలో పడబోతే మా చిన్నాన్న దాన్ని వాటేసుకుని తనే ఏట్లో పడ్డాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఏటికి అటూ ఇటూ ఇచ్చిపుచ్చుకోవడాలు ఈ రాష్ట్రాలు పుట్టకముందు నుంచీ ఉన్నవే. సిరోంచ బజారులో బోర్డులు మరాఠీలో ఉంటాయి, బేరాలు తెలుగులో సాగుతాయి. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఎగువ గోదావరి జిల్లాకు ఇదే ముఖ్య పట్టణం. తర్వాత చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్ జిల్లాలో ఒక మూలకు పోయింది. 1982లో చంద్రపూర్‌ నుంచి గడ్చిరోలిని విడదీశాక కూడా చివరి కొసగానే మిగిలింది.

గడ్చిరోలి 1993 నుంచి మద్యనిషేధ జిల్లా. అందుకని వంతెన దిగగానే పోలీసులు బావ సంచి విప్పించారు. ఒక చిత్రిక, రెండు ఉలులు, ఒక రంపం బయటపడ్డాయి. బావ వడ్రంగి. "ఇంకేం దొరుకుతది సార్ మా దగ్గర, పొట్టు తప్ప" అన్నాడు తెలుగులోనే. కానిస్టేబుల్ కూడా తెలుగులోనే నవ్వాడు.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. మా స్టాఫ్ రూంలో అటవీ హక్కులన్న మాట వస్తే అది పోడు పట్టాల దగ్గరే ఆగిపోతుంది. ఎవరికి ఎన్ని ఎకరాలొచ్చాయి, ఎవరికి ఎగ్గొట్టారు, అంతే. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలోనే ఊరు ఊరంతటికీ కలిపి అడవి మీద హక్కు ఇచ్చే భాగం ఉంది. అడవిని కాపాడుకోవడం, పెంచుకోవడం, అందులో దొరికే బీడీలు చుట్టే తునికాకు, వెదురు, తేనె, ఇప్పపువ్వు అమ్ముకోవడం గ్రామసభ చేతిలో ఉంటుంది. గడ్చిరోలి జిల్లాలో వెయ్యికి పైగా ఊళ్లకు ఆ హక్కు వచ్చిందని బావ ఫోన్లో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. బావ చెప్పే అంకెలు సగానికి కొట్టేసుకోవడం మా ఇంట్లో అలవాటు. ఈసారి కొట్టేయాల్సిన పని పడలేదు.

నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో అటవీ శాఖ వన సంరక్షణ సమితులు పెట్టిన రోజుల్లో మా నాన్న మా ఊరి సమితిలో సభ్యుడు. తీర్మానాల పుస్తకం పట్టుకుని ఒకాయన ఇంటికే వచ్చేవాడు. మీటింగ్ ఎల్లుండి, సంతకం ఇవాళ. నాన్న అడిగితే "మీకెందుకు పెద్దాయనా, కూలి పనులైతే వస్తున్నయి గదా" అనేవాడు. పనులు వచ్చినన్నాళ్లు వచ్చాయి. డబ్బు ఆగిపోయాక సమితీ ఆగిపోయింది. ఊరి మొగదల రేకు బోర్డు మాత్రం చాలా ఏళ్లు నిలబడింది. చివరికి ఎవరో దాన్ని కోళ్ల గూటికి తలుపుగా పెట్టుకున్నారు.

రాత్రి డాబా మీద పడుకున్నాక బావ తన ధోరణిలో చట్టం చెప్పాడు. "వెదురు ఊరోళ్లది, టేకు సర్కారుది. నా రంపానికైతే ఏ లాభం లేదు." నిజమే. చట్టం ప్రకారం వెదురు చిన్న అటవీ ఉత్పత్తి. కలప కాదు. టేకు కలప. ఊరి అడవిలో నిలబడ్డ టేకు చెట్టును ఊరివాళ్లు కాపలా కాయాల్సిందే గానీ కోసి అమ్ముకోవడానికి లేదు.

రెండో రోజు

సిరోంచ నుంచి ముప్పై కిలోమీటర్లు లోపలికి. ఊరి పేరు రాయనని మాటిచ్చాను, ఎందుకో కిందకు వచ్చాక తెలుస్తుంది. బావ ఆ ఊరి గోటుల్‌కు, అంటే గోండుల ఊరుమ్మడి ఇంటికి, తలుపు చేసిచ్చాడు, ఆ పరిచయం. గోండు ఊరే అయినా ఇంట్లో గోండి, బజారులో తెలుగు, కాగితం మీద మరాఠీ.

మేం చేరేసరికి పదయింది. చీకటితోనే అడవికి పోయిన వాళ్లు ఆకు మూటలతో తిరిగొచ్చి ఇళ్ల ముందు పందిళ్ల కింద కూర్చున్నారు. ముసలివాళ్లు, పిల్లలు, కొత్త కోడళ్లు, అందరి చేతుల్లోనూ తునికాకే. ఊరంతా ఆ పచ్చి వగరు వాసన. నాకు చిన్నప్పటి ఎండాకాలం సెలవులు గుర్తొచ్చాయి. మా అమ్మ తునికాకు కోసిన డబ్బుతోనే నాకు జూన్‌లో పుస్తకాలొచ్చేవి.

ఒకామె పక్కన కూర్చుని నేనూ చెయ్యి పెట్టాను. ఐదేసి ఆకులు వేళ్ల సందున లెక్కపెట్టుకుంటూ, చిల్లులు పడినవి, మరీ లేతవి పక్కన పడేస్తూ, తొడిమలు సర్ది, నార చుట్టి, మోకాలితో నొక్కి ముడి బిగించడం. ముప్పై ఏళ్ల తర్వాత కూడా వేళ్లు మరిచిపోలేదు. గర్వంగా కట్ట ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని చేత్తో పట్టుకుంది, లెక్కపెట్టనైనా లేదు, తిరిగి నా ఒళ్లోకి విసిరింది.

"ఇంకో ఇరవై పెట్టు సారూ. మీది ఏటవతలి కట్ట."

తెలంగాణలో కట్టంటే 50 ఆకులు. మహారాష్ట్రలో 70. చెట్టు ఒకటే, ఆకు ఒకటే, నది దాటితే కట్ట లావెక్కుతుంది. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. ఇక్కడ బస్తాకు ఎక్కువ ధర పలికిందని మన పేపర్లలో చదివినప్పుడు ఈ ఇరవై ఆకుల సంగతి కలిపి చూసుకోవాలి.

సాయంత్రం కల్లం దగ్గరికి వెళ్లాం. ఊరి బయట చదును చేసిన మైదానంలో కట్టలు వరసలుగా పరిచి ఉన్నాయి, బడిలో పిల్లల్ని ప్రార్థనకు నిలబెట్టినట్టు. కొన్ని రోజులు ఎండి, ఒకసారి తిరగేశాక బస్తాలకెక్కుతాయి. మధ్యలో వాన పడితే అంతా పోయినట్టే. ఇంటింటి వాళ్లు తెచ్చిన కట్టల్ని ఒక కుర్రవాడు లెక్కపెట్టి రాసుకుంటున్నాడు. మన దగ్గర కల్లేదారు కాంట్రాక్టరు మనిషి. ఇక్కడ ఆ కుర్రవాణ్ని గ్రామసభే పెట్టుకుంది. సిరోంచ కాలేజీలో డిగ్రీ చదివినవాడు. కొనే వ్యాపారి తరఫు మనిషి ఇంకొకడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ వేరువేరు పుస్తకాలు, కట్టలు తెచ్చినవాళ్ల దగ్గర వాళ్ల కార్డు.

ఇక్కడ గ్రామసభలు తామే వేలం పెట్టుకుని వ్యాపారితో ఒప్పందం రాసుకుంటాయి. కొన్ని ఊళ్లు కలిసి ఒక్కటిగా బేరమాడతాయి. వినడానికి బాగుంటుంది. అయితే ఈ ఊరివాళ్లు ఒక ఏడాది ఆకు ఇచ్చేసి డబ్బు కోసం తర్వాతి ఎండాకాలం దాకా తిరిగారు. పేరు అడిగితే "పోనీయ్ సారూ, ఇప్పుడు అడ్వాన్స్ లేనిది బస్తా కదలనియ్యం" అన్నారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు తునికాకు మీద 18 శాతం పడింది. బీడీ తాగేవాళ్లు తగ్గుతున్నారు. ధర ఒక ఏడు ఆకాశంలో, ఒక ఏడు పాతాళంలో. వేలం ఎవరి చేతిలో ఉన్నా బజారు వాళ్ల చేతిలో లేదు.

దీపాల వేళకు ఇప్పచెట్టు కింద సభ కూర్చుంది. అరవై మందికి పైనే. చట్టం కింద 2012లో సవరించిన నియమాల ప్రకారం సభ చెల్లాలంటే ఊరి పెద్దవాళ్లలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. ఇక్కడ ఆడవాళ్లే ఎక్కువ కనిపించారు. మగవాళ్లలో కొందరు చెట్టు చాటున నిలబడి చెవి మాత్రం ఇటు పెట్టారు. అలాంటివాళ్లను పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టారు.

కుర్రవాడు లెక్క చదవడం మొదలుపెట్టాడు, మరాఠీలో. నాలుగు వాక్యాలు కాలేదు, ముందు వరసలో ఒక అవ్వ చెయ్యెత్తింది.

"తెలుగుల చెప్పు బిడ్డా. లెక్క నాది, భాష నీదా?"

మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఇల్లు, ఇంటి పెద్ద పేరు, మూడు రోజుల కట్టలు. ఒక్కో ఇంటివాళ్లు "సరే" అనడం, తర్వాతి ఇంటికి పోవడం. నాకు నిద్ర ముంచుకొస్తోంది. అప్పుడు ఒకతను లేచి, "మా కార్డు మీద 210 ఉన్నయి, నువ్వు 150 చదివినవ్" అన్నాడు.

గొడవ మొదలైంది. ఇక నిద్రపోయే ప్రశ్నే లేదు.

కుర్రవాడు చెమటలు తుడుచుకుంటూ చెప్పిన సంగతి ఇది. ఆ ఇంటి బిడ్డను ఏటవతలికి ఇచ్చారు. వేసవికి పుట్టింటికి వచ్చి, తల్లికి సాయంగా ఆకు కోసింది. అలవాటు చొప్పున యాభై ఆకుల కట్టలే కట్టింది. రాత్రి కల్లం మీద కట్టలు తిరగేస్తుంటే ఇతనికి అనుమానం వచ్చి లెక్కపెట్టాడు. 210 కట్టలను యాభైతో హెచ్చిస్తే 10,500 ఆకులు. డెబ్బైతో భాగిస్తే 150. పుస్తకంలో 210 కొట్టేసి 150 రాశాడు. వ్యాపారి మనిషి కంటపడితే ఊరి సరుకంతటికీ పేరు పోతుందని భయపడ్డాడు.

ఆ అమ్మాయి కొంగు నోటికడ్డం పెట్టుకుని తల దించుకుంది. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. పొద్దున నేను కట్టిందీ ఆ కట్టే.

అవ్వ చింతగింజలు తెప్పించింది. ఏడు గింజలు ఒకవైపు పెట్టి, అయిదు ఇంకోవైపు పెట్టి, ఏడు యాభైలు అంటే అయిదు డెబ్బైలని కళ్లకు కట్టింది. అందరూ చూశారు. లెక్క సరిగ్గా ఉంది. ఇక సభ ముగుస్తుందనుకుని నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

"లెక్క సరే," అంది అవ్వ. "ఎవలనడిగి కొట్టేసినవ్?"

అసలు సభ అక్కడ మొదలైంది. గంటన్నర నడిచింది. కుర్రవాడు తప్పు చేయలేదని అందరూ ఒప్పుకున్నారు. నిజానికి ఊరి మాట నిలబెట్టాడు. అయినా ఇంటివాళ్లను పిలవకుండా, రాత్రిపూట ఒక్కడే పుస్తకంలో గీత కొట్టాడు. ఇవాళ సరైన లెక్కకు కొట్టాడు, రేపు ఇంకొకడు కూర్చుంటాడు, వాడు దేనికి కొడతాడు? ఒకతను "చదువుకున్న పిలగాడు, పోనీయండి" అన్నాడు. ఇంకొకామె "చదువుకున్నోడు గనకనే" అంది. కుర్రవాడు ఒక దశలో పుస్తకం కింద పెట్టేసి "నాతోని కాదు, వేరేటోళ్లను పెట్టుకోండి" అన్నాడు. ఎవరూ బతిమాలలేదు, కసరనూ లేదు. కాసేపు చుట్టలు వెలిగాయి. తర్వాత అతనే పుస్తకం తీసుకున్నాడు.

చివరికి 150 అలాగే ఉంది. పుస్తకంలో ఏ అంకె దిద్దాలన్నా కల్లం మీద ఆ ఇంటివాళ్ల ఎదుటే, కార్డు మీద కూడా దిద్దాలని తీర్మానం. అది కుర్రవాడే రాశాడు, తెలుగులో చదివి వినిపించాడు. ఒక్కొక్కరూ వచ్చి సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. నేను ఆ పుస్తకం వైపే చూస్తూ కూర్చున్నాను. మీటింగ్ ఇవాళే, సంతకం ఇవాళే.

రాత్రి గోటుల్‌ అరుగు మీద పడుకున్నాం. ఒక పెద్దాయన నిద్రపట్టక మా పక్కన కూర్చుని, అప్పట్లో హక్కు కోసం కాగితం ఎలా పెట్టారో చెప్పాడు. ఊరి హద్దుల వెంట మూడు రోజులు నడిచారట. తాతల సమాధి రాళ్లు, దేవుడి గద్దె, పశువుల్ని తోలిన బాట, ఎండిపోయిన పాత చెలిమె, అన్నీ పటంలో గుర్తుపెట్టారు. పక్క ఊళ్ల వాళ్లను పిలిచి, ఎవరి హద్దు ఎక్కడిదాకానో ఒప్పించుకున్నారు. పెద్దవాళ్లు చెప్పిన మాటను కూడా సాక్ష్యంగా తీసుకోవాలని నియమాల్లోనే ఉంది. "మా అయ్య నాకు చూపిచ్చిన రాళ్లు ఆఫీసుల పనికొచ్చినయ్," అన్నాడాయన. "చూపిచ్చేటప్పుడు తన్ని మరీ గుర్తుపెట్టుకొమ్మన్నడు. ఎందుకు తంతున్నడో అప్పుడు తెల్వదు."

మూడో రోజు

రోజంతా బస్సులోనే. సిరోంచ నుంచి గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఎర్ర బస్సును ఇక్కడ లాల్ పరీ అంటారు, ఎర్ర దేవకన్య అన్నమాట. దేవకన్య గుంతల్లో దిగి లేచి, జిమ్మలగట్ట, ఉమానూరు దాటి అల్లపల్లి చేరేసరికి నా నడుము తెలంగాణలోనే ఉండిపోయినట్టనిపించింది. కిటికీ బయట టేకు. ఆకు రాలి, మోడుల్లా నిలబడిన టేకు. ఇక్కడి టేకుకు ఉన్న పేరు అంతా ఇంతా కాదు. 2023లో అయోధ్య గుడి తలుపుల కోసం బల్లార్షా డిపో నుంచి ఊరేగింపుగా పంపారు. బావ ఆ వీడియో ఫోన్లో దాచుకున్నాడు, వడ్రంగికి అది పెళ్లి ఊరేగింపుతో సమానం. బావ అల్లపల్లిలో దిగిపోయాడు, అక్కడ ఎవరింట్లోనో మంచాలు చేయాలి. గడ్చిరోలి లాడ్జిలో కూలర్‌లోంచి వేడిగాలి వచ్చింది. అంతకుమించి ఆ రోజు గురించి రాయడానికేం లేదు.

నాలుగో రోజు

గడ్చిరోలి నుంచి ధనోరా వెళ్లే రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల దూరంలో మేంఢా ఉంది. లేఖా పంచాయతీలో ఉండేది కాబట్టి లోకమంతా మేంఢా లేఖా అంటుంది. వంద గడపల గోండు ఊరు. రోడ్డు పక్కనే మరాఠీలో ఆ మాట కనిపిస్తుంది: ఢిల్లీలో ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు.

ఇంత పేరున్న ఊరికి వెళ్తే నాకు కొంచెం అనుమానంగానే ఉంటుంది. చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువైతే ఊరు ఎగ్జిబిషన్ అవుతుంది. ఇక్కడ అలా అనిపించలేదు. వచ్చి కూర్చోమన్నారు, నీళ్లిచ్చారు, ఎండాకాలం పనులున్నాయి కాబట్టి త్వరగా అడగమన్నారు. నా మరాఠీ బజారు మరాఠీ. ఒక అబ్బాయి హిందీలో అందించాడు.

ఈ ఊరి కథ మన గోదావరి నుంచే మొదలవుతుందని నాకు తెలియదు. ఇచ్చంపల్లి పేరు మనవాళ్లకు కొత్త కాదు, గోదావరి నీళ్లను కావేరికి మళ్లించే మాట వచ్చినప్పుడల్లా వినిపిస్తూనే ఉంటుంది. గోదావరి మీద ఇచ్చంపల్లి, ఇంద్రావతి మీద భోపాలపట్నం ఆనకట్టలు కడితే ఈ అడవులు మునిగేవి. 1980ల్లో వాటికి ఎదురుగా ఇక్కడి గోండులు లేచారు. ఆదివాసీ నాయకుడు లాల్ శ్యామ్ షా ముందు నిలబడ్డారు, కుష్టు రోగుల సేవతో పేరుపడ్డ బాబా ఆమ్టే వెంట నడిచారు. మనిషిని కాపాడండి, అడవిని కాపాడండి అన్నది నినాదం. ఆ ఉద్యమంలోకి పోయి వచ్చిన కుర్రవాళ్లలో మేంఢా దేవాజీ తోఫా ఒకరు. డ్యామ్ ఆగింది గదా, అడవి ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఇంటికి వెంట వచ్చిందన్నమాట.

1987లో మోహన్ హీరాబాయి హీరాలాల్ అనే ఆయన అడవి, మనుషుల సంబంధం మీద అధ్యయనం కోసం ఇక్కడికి వచ్చారు. అప్పటినుంచి ఊళ్లో రెండు రకాల కూర్చోవడాలున్నాయి. ఒకటి గ్రామసభ, నిర్ణయాలకు. ఇంకొకటి అభ్యాస గట్, అంటే చదువుకునే గుంపు. అక్కడ నిర్ణయాలుండవు, తెలుసుకోవడమే. చట్టం కాగితాలు తెచ్చుకుని చదవడం, బయటివాళ్లెవరైనా తెలిసినవాళ్లుంటే పిలిచి అడగడం. పట్టు తేనెను ఈగలకు నిప్పు పెట్టకుండా, పట్టు చెడకుండా ఎలా తీయాలో కూడా అట్లా కూర్చునే నేర్చుకున్నారు. గ్రామసభలో మెజారిటీ ఉండదు, అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. ఒక్కరు కాదంటే ఆగుతుంది.

"మరి ఒక్కడు మొండికేస్తే?" అని అడిగాను. నేను టీచర్ని, ప్రతి క్లాసులో ఒకడుంటాడని తెలుసు.

"ఇంకో రోజు కూర్చుంటాం," అన్నాడు ఆ అబ్బాయి. పెద్దాయన ఒకరు ఏదో అంటే అందరూ నవ్వారు. "ఆయన అంటున్నదేమంటే, ఓటు పెడితే తొందరగా అయిపోతుంది. ఓడినవాడు అడవిలో గొడ్డలి పట్టుకుని తిరుగుతుంటే కాపలా ఎవడు కాస్తాడు అని."

2009లో దేశంలో మొదటగా ఈ ఊరికి, ఇదే జిల్లాలోని మార్దాకు సాముదాయిక అటవీ హక్కు వచ్చింది. మేంఢాకు 1,809 హెక్టార్లు. పత్రం వచ్చింది గానీ వెదురు కోసి లారీ ఎక్కిస్తే రవాణా పర్మిట్ ఇవ్వలేదు. వెదురు చెట్టా, గడ్డా అన్న తగాదా. వృక్షశాస్త్రం ప్రకారం గడ్డి, పాత అటవీ చట్టం లెక్కలో చెట్టు. రెండేళ్లు నలిగింది. 2011 మార్చిలో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ వెదురును చిన్న అటవీ ఉత్పత్తిగానే చూడాలని ముఖ్యమంత్రులకు ఉత్తరాలు రాశారు, ఏప్రిల్ 27న స్వయంగా ఊరికొచ్చి పర్మిట్ పుస్తకాన్ని దేవాజీ తోఫా చేతికిచ్చారు. ఆ తర్వాతి ఏడాది నియమాలు సవరించి, పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీకే రాశారు. ఒక పుస్తకం కోసం ఇంత దూరం. మా నాన్న సంతకం చేసిన పుస్తకం గడప దాకా నడిచొచ్చింది.

2013లో ఇంకో అడుగు వేశారు. 1964 నాటి మహారాష్ట్ర గ్రామదాన చట్టం కింద సొంత పొలాలను కూడా గ్రామసభ పేరున రాసిచ్చారు. వినోబా కాలం నాటి చట్టాన్ని ఈ కాలంలో దుమ్ము దులిపి వాడుకున్న ఊరు. ఇది నాకు అంత సులువుగా మింగుడుపడలేదు. పొలం మన చేత్తోనే దున్నుకుంటాం, బయటివాడికి అమ్ముకోలేం, అంతే తేడా అని వాళ్లు చెప్పారు. మా ఊళ్లో గెట్టు దగ్గర జానెడు నేల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కిన సంగతి తలుచుకుని ఊరుకున్నాను.

గోటుల్‌ చూపించారు. ఎనభైల్లో టేకు వాడి కట్టుకున్నారని అటవీ శాఖ దాన్ని కూల్చేసింది. ఊరివాళ్లు మళ్లీ కట్టారు. చుట్టుపక్కల ఊళ్లు కూడా పోటీపడి కట్టుకున్నాయి. బావ ఉంటే కాసేపు స్తంభాల చుట్టూ తిరిగేవాడు. నేను చెయ్యి వేసి చూసి వచ్చేశాను.

ఐదో రోజు

ఆష్టి దగ్గర వైన్‌గంగ దాటితే చంద్రపూర్ జిల్లా. ఇంకొంచెం కిందికి పోతే ఈ నది వార్ధాతో కలిసి మన ప్రాణహిత అవుతుంది. గోండ్‌పిప్రీ తాలూకాలో పాచ్‌గావ్ అనే చిన్న ఊరు. 2012లో వీళ్లకు వెయ్యి హెక్టార్ల పైచిలుకు అడవి మీద హక్కు వచ్చింది. వెదురు అమ్ముకుంటారు. అడవిలో కొంత భాగాన్ని దేవుడి వనంగా ఎవరూ ముట్టుకోకుండా వదిలేశారు. నేను ఇక్కడికి రావడానికి కారణం వేరే. ఈ ఊరు తునికాకు కోయడం మానేసింది.

ఆకు బాగా రావాలంటే ఎండాకాలం ముందు తునికి కొమ్మలు నరకాలి. తొందరగా చిగురు పెట్టాలని కింద నిప్పు పెట్టేవాళ్లు ఉంటారు. నిప్పు తునికి చెట్టు దగ్గరే ఆగదు. వెదురు పిలకలూ కాలిపోతాయి. ఎకరాలకు ఎకరాలు నల్లగా మిగులుతుంది. మేమే కాపలా, మేమే నిప్పు, ఇదేం పని అని గ్రామసభలో కూర్చుని ఆపేశారు. ఆకుల మీద వచ్చే నగదు ఎండాకాలంలో ఏ ఇంటికైనా పెద్ద ఆధారం. అది వదులుకోవడమంటే మాటలు కాదు.

ఎండ నలభై అయిదు దాటే ఉంటుంది. ఒకాయన తలకు తువ్వాలు చుట్టుకుని ఊరి వెనక అడవి అంచు దాకా తీసుకెళ్లాడు. తునికి చెట్లు నా ఛాతీ ఎత్తు పొదలు కాదు, నిజంగా చెట్లు. నేను పుట్టి బుద్ధెరిగి తునికిని పొదగానే చూశాను. కొమ్మల నిండా పసుపు పచ్చని పండ్లు. ఆయన నాలుగు కోసి చేతిలో పెట్టాడు. పెంకు పగలగొట్టి నోట్లో వేసుకున్నాను. జిగురుగా, తియ్యగా, చివర్లో కొంచెం వగరు. ఆకు కోసుకునే ఊళ్లలో చెట్టును పండుదాకా ఎవరు ఉండనిస్తారు?

రెండో రోజు చూసిన ఊరు గుర్తొచ్చింది. ఆ అవ్వ, ఆ 210 కట్టలు. వాళ్లదీ గ్రామసభే, వీళ్లదీ గ్రామసభే. అక్కడ ఆకు మీద బతుకు, ఇక్కడ ఆకు వద్దని. వీళ్లకు వెదురు దండిగా ఉంది కాబట్టి చెల్లింది అనిపించింది. ఆయనతో అంటే, "అవును" అన్నాడు, వాదించకుండా.

బల్లార్షాలో సాయంత్రం రైలెక్కాను. జనరల్ బోగీలో సగం తెలుగే, గనుల పనులకు వచ్చి స్థిరపడినవాళ్లు, పెళ్లిళ్లకు పోతున్నవాళ్లు. మంచిర్యాలలో దిగి ఇంటికి చేరేసరికి పదకొండు. అమ్మ మేలుకునే ఉంది. చేతిరుమాలు విప్పి మూడు తునికి పండ్లు ఆమె చేతిలో పెట్టాను. ఒకటి ప్రయాణంలో నలిగిపోయింది.

అక్కడ కట్టకు డెబ్బై ఆకులని చెప్పాను.

"డెబ్బయ్యా? ముడి ఎట్ల పడుతది?" అంది, గాలిలోనే చేతులతో కట్ట కొలుచుకుంటూ.

పాచ్‌గావ్ సంగతి కూడా చెప్పాను. ఆకు కోయడం మానేశారని, నిప్పు ఆగిందని, చెట్లు పెద్దవయ్యాయని, పండ్లు కాస్తున్నాయని. ఆమె పండు పగలగొట్టి, గుజ్జు చప్పరిస్తూ విన్నది.

"ఆకు కోయకుంటె పండు కాస్తది, అది నాకు నువ్వు చెప్పాలెనా?" అంది. "మరి నీ ఏడో తరగతి ఫీజు ఎవలు కట్టిన్రు?"

గింజలు అరచేతిలోకి ఊసి, కిటికీ లోంచి పెరట్లోకి విసిరింది.